ఇంటిలో ఏమున్నది?



కాపరులను యౌవనస్థులు అడిగే ప్రశ్నలలో ఈ మధ్య ఒకటి కొత్తగా చేరింది. పూర్వము "ఆదివారము సెలవివ్వని ఉద్యోగములో చేరవచ్చునా?" అని అడిగేవారు. పెండ్లి సంబంధముల విషయములో ఆలోచన అడిగేవారు. ఇప్పుడు శుక్రవారపు కూడిక ముగిసి చాపలు చుట్టుచుండగా, ఫోను చేత పట్టుకొని ఒక ప్రక్కన నిలుచుంటారు. "అయ్యగారూ, రేపటికి ఏమి పెట్టాలి? ఏమీ తోచడము లేదు" అంటారు.

పెట్టడమంటే ఈ రోజులలో అన్నము పెట్టడము కాదని పెద్దలకు చెప్పనవసరము లేదు. సంఘపు వాట్సాప్ గ్రూపులో, స్టేటస్‌లో, ఫేస్‌బుక్, యూట్యూబ్ పేజీలలో రోజుకొకటి పెట్టడము. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలై మందిరపు తలుపులు మూతపడినప్పుడు, ఎన్నడూ కెమెరా ముందు నిలువని కాపరులు సహితము ఫోనును పుస్తకముల దొంతరకు ఆనించి వాక్యము చెప్పారు. తరువాత తలుపులు తెరుచుకున్నాయి గాని ఆ పేజీలు మూతపడలేదు. మూయనవసరము లేదు కూడా. సూళ్లూరుపేట, తడ ప్రాంతముల నుండి శ్రీసిటీలో రాత్రి షిఫ్టులకు వెళ్లే బిడ్డలు, చెన్నైలో చదువుకునేవారు, గల్ఫు దేశములలో ఉన్నవారు ఆ చిన్న తెరలోనే తమ సంఘమును చూసుకుంటున్నారు. ఆదివారము ఆరాధనకు రాలేని అన్న, టీ విరామములో ఆ పేజీ తెరిచి తన తల్లి కూర్చుండే వరుస కనిపిస్తుందేమోనని వెదకుతాడు.

కనుక ప్రశ్న చిన్నది కాదు. ఆ పేజీ చూసుకునే తమ్ముడో చెల్లెలో మొదటి ఆరు నెలలు మహా ఉత్సాహముతో పనిచేస్తారు. పండుగలు అయిపోతాయి, పుట్టినరోజులు అయిపోతాయి, తెలిసిన వచనములన్నీ పూల బొమ్మల మీద అచ్చైపోతాయి. ఆ తరువాత బావి ఎండుతుంది. ఎండిన బావి దగ్గర మనిషి ఏమి చేస్తాడన్నదే మా విచారము.

కొందరు ఫార్వర్డుకు దిగుతారు. ఎవరో పంపిన ఉదయించు సూర్యుని బొమ్మ, ఎవరు వ్రాశారో తెలియని సాక్ష్యము, ఏ దేశములో జరిగిందో తెలియని అద్భుతము. 2018లో మన దేశములో పుకార్లను నమ్మి గుంపులుగా చేరి మనుష్యులను కొట్టి చంపిన ఘోరముల తరువాత, ఒక సందేశమును ఒకేసారి అయిదు చాట్‌లకు మించి పంపకుండ వాట్సాప్ కంపెనీయే కట్టుబాటు చేసింది. వ్యాపారము చేసుకునే కంపెనీకి కలిగిన ఆ జాగ్రత్త, సత్యమును ప్రకటించవలసిన మనకు ఎంత ఉండవలెను!

మరికొందరు కంప్యూటరు గీసే బొమ్మలను ఆశ్రయిస్తారు. అడిగిన క్షణములో గలిలయ సముద్రమును గీసి ఇస్తుంది. ఒక బొమ్మను మేము శ్రద్ధగా చూశాము. పడవలో శిష్యులు పదునలుగురు ఉన్నారు, ఒకరి చేతికి ఆరు వ్రేళ్లు. ప్రతి రోజు సరస్సు మీద పడవలను చూసే పల్లెవారికి ఆ బొమ్మ ఎందుకో మాకు అర్థము కాలేదు.

ఇవి నవ్వి వదిలివేయదగిన సంగతులు. మూడవది అటువంటిది కాదు. ఏమీ తోచనప్పుడు చేతికి సులువుగా దొరికేది ఎదుటివారి కన్నీరు.

పొరుగున ఉన్న ఒక సంఘములో జరిగిన సంగతి ఇది. పేర్లు అవసరము లేదు. వృద్ధురాలైన ఒక తల్లి మంచము పట్టినది. పెద్దలు, యౌవనస్థులు కలిసి వెళ్లి ప్రార్థన చేశారు. పేజీ చూసే తమ్ముడు మంచము ప్రక్క నుండి ఒక ఫోటో తీసి, "ప్రార్థించండి, పరిస్థితి విషమము" అని వ్రాసి స్టేటస్ పెట్టినాడు. చెడ్డ ఉద్దేశము ఏ మాత్రమూ లేదు. నిజము చెప్పాలంటే ఆ దినమునకు అతని దగ్గర మరేమీ లేదు. ఆమె మనుమరాలు ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నది. ఇంటివారు ఆ బిడ్డను కంగారు పెట్టకూడదని, షిఫ్టు ముగిసిన తరువాత మెల్లగా చెప్పాలని అనుకున్నారు. ఆమె మాత్రము భోజన విరామములో, నోరు తెరిచి పడియున్న అవ్వను, చెదిరిన చీరతో, నూట యాభై మంది చూసిన తరువాత చూసింది. అవ్వ కోలుకున్నది. దేవునికి స్తోత్రము. అయితే ఆ మనుమరాలు చాలా కాలము మందిరమునకు రాలేదు. వచ్చిన తరువాత ఒకే మాట అడిగిందట: "మా అవ్వను అడిగే పెట్టినారా అన్నా?"

ఈ ప్రశ్నను మేము మరువలేకపోతున్నాము. బియ్యము మూట అందుకునే విధవరాలి ఫోటో, బాప్తిస్మపు నీటిలో తడిసిన బట్టలతో ఉన్న చెల్లెలి వీడియో, త్రాగుడు మానుతానని ఏడ్చిన అన్న సాక్ష్యము, ఇవన్నీ పెట్టే ముందు అడగవలసిన ప్రశ్న ఇదే. కుడిచేయి చేయునది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పగా (మత్తయి 6:3), మనము ఊరంతటికీ తెలుపుతున్నాము, అది కూడా పేజీ ఖాళీగా ఉన్నదని.

మరి ఖాళీ ఎందుకు ఏర్పడుతున్నది? దీనికి జవాబు మాకు పుస్తకములలో కంటె పులికాట్ సరస్సులో స్పష్టముగా కనిపించింది.

ఒడిశాలోని చిల్కా తరువాత మన దేశములో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు మన పులికాట్. ఎక్కువ భాగము ఆంధ్రప్రదేశ్‌లో, కొంత తమిళనాడులో ఉన్నది. దీని నీరు సముద్రపు నీరూ కాదు, ఏటి నీరూ కాదు. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదులు ఒక వైపు నుండి మంచినీరు తెస్తాయి. శ్రీహరికోట దీవి అడ్డముగా ఉండగా, ఇసుక మేటల నడుమ ఉన్న ముఖద్వారముల గుండా సముద్రము ఆటుపోట్లతో లోపలికి వచ్చిపోతుంది. ఆ రెండూ కలిసిన నీటిలోనే రొయ్య, పీత, చేప పెరుగుతాయి. రొయ్య పిల్లలు సముద్రము నుండి ఆ దారినే లోపలికి వస్తాయి. రాయదొరువు వద్ద ముఖద్వారము ఇసుకతో పూడిపోతున్నదని, దానిని త్రవ్వించమని జాలరులు ఏండ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. దారి పూడిపోతే వల ఎంత మంచిదైనా, జాలరి ఎంత నేర్పరియైనా ప్రయోజనమేమి? ఎండాకాలములో సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డుకు ఇరుప్రక్కల చూడండి. నీరు ఉండవలసిన చోట నేల పగుళ్లు తీసి ఉంటుంది.

మన తమ్ముళ్ల సంగతి ఇదే. వల సరిగానే ఉన్నది. మంచి ఫోను, మంచి నెట్టు, అక్షరములు అందముగా పేర్చే నేర్పు, అన్నీ ఉన్నవి. లోపలికి వచ్చే దారి పూడినది. గదిలో కూర్చుండి, ఇతర సంఘముల పేజీలను వ్రేలితో పైకి త్రోయుచు, వారేమి పెట్టారో చూచుటయే ఆలోచన అనుకుంటున్నారు. అక్కడ దొరికేది ఇంకొకరు వండి చల్లారిన అన్నము. ఇండ్ల దర్శనము మానిన కాపరికి ఆదివారపు ప్రసంగము ఎలా కరవవుతుందో, ఇంటింటికి తిరగని తమ్మునికి పేజీ అలాగే కరవవుతుంది.

2 రాజులు 4వ అధ్యాయములోని విధవరాలిని జ్ఞాపకము చేసుకొనండి. అప్పులవాడు కుమారులను పట్టుకొని పోవుటకు వచ్చినాడు. ఆమె ఎలీషా వద్దకు వచ్చి మొరపెట్టగా, ప్రవక్త ఆమెకు వెంటనే ధనము ఇవ్వలేదు. నీ ఇంటిలో ఏమున్నదో చెప్పుమని అడిగాడు. ఆమె మొదట చెప్పిన జవాబు మన తమ్ముళ్ల జవాబే, ఏమీ లేదని. ఆ తరువాతనే నూనె కుండ జ్ఞాపకము వచ్చింది. పాత్రలు పొరుగువారి నుండి తెచ్చింది. నూనె మాత్రము తన ఇంటిదే.

లండను నగరపు ప్రసిద్ధ ప్రసంగీకుడు చార్లెస్ స్పర్జన్ (1834–1892) తన కాపరుల కళాశాలలో దృష్టాంతములను గూర్చి బోధించుచు, మామూలు కొవ్వొత్తిలోనే ఎన్నో దృష్టాంతములు ఉన్నవని చెప్పారు. విద్యార్థులకు అది అతిశయోక్తిగా తోచింది. ఆయన ఊరకుండలేదు. రకరకముల కొవ్వొత్తులను, లాంతర్లను ఎదుట పెట్టుకొని చూపుచు ఒక ఉపన్యాసమే సిద్ధము చేశారు. అది 1890లో "సెర్మన్స్ ఇన్ క్యాండిల్స్" అనే పుస్తకముగా కూడా వెలువడింది. మన ప్రభువు సంగతి చెప్పనే అక్కరలేదు. పులిసిన పిండి, ఆవగింజ, పోయిన నాణెము, వలలో పడిన మంచి చెడ్డ చేపలు. ఆయన వినేవారిలో ఆ వస్తువులను చేతితో ముట్టనివారు ఒక్కరూ లేరు.

అయితే మన ఇంటిలో ఏమున్నది? పులికాట్ ఒడ్డున ఉన్న సంఘము "ఏమీ లేదు" అంటే మేము ఒప్పుకొనలేము.

అక్టోబరు మొదలుకొని ఈశాన్య ఋతుపవనముల వానలు పడి సరస్సు నిండగానే పక్షులు వస్తాయి. ఫ్లెమింగోలు బారులుగా దిగుతాయి. దొరవారిసత్రము మండలములోని నేలపట్టు చెరువులో గూడబాతులు నీటిలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను చేస్తాయి. ఆ చెరువు 1976 నుండి పక్షుల రక్షణ కేంద్రము. 2001 నుండి సూళ్లూరుపేట కేంద్రముగా ఫ్లెమింగో పండుగను జరుపుట ప్రారంభమైనది. 2025 జనవరిలో కూడా మూడు దినములు జరిగినది. ఇవి పత్రికలలో వచ్చే సంగతులు. పత్రికలవారికి అంతగా పట్టనిది మరొకటి ఉన్నది. నేలపట్టు రైతులు ఆ పక్షులను తరిమివేయరు. వాటి రెట్టలు కలిసిన చెరువు నీరు పొలమునకు ఎరువని వారి తాతల నాటి నుండి నమ్మకము. చెరువు గట్టు మీద ఒక రైతును నిలిపి, "ఈ పక్షులు రాని ఏడు మీకేమవుతుంది?" అని అడిగి, అతని నోటి మాట అర నిమిషము పెట్టండి. ఆకాశపు కొంగ కూడా తన కాలమును ఎరుగునని యిర్మీయా 8:7లో ఉన్నది. ఆ వచనము క్రింద వ్రాయాలంటే వ్రాయవచ్చును. వ్రాయకపోయినా నష్టము లేదు. ప్రతి పక్షి మెడకు ఒక వచనము కట్టనక్కరలేదని మా అభిప్రాయము. రైతు మాట రైతు మాటగానే ఉండనివ్వండి. వినేవారికి బుద్ధి ఉన్నది. ఒకటి మాత్రము, ఫోటో కొరకు గూళ్ల దగ్గరకు పోయి పక్షులను బెదరగొట్టకూడదు సుమా.

మన సంఘములలో వల అల్లేవారు, బాగుచేసేవారు ఉన్నారు. యాకోబు యోహానులు పిలువబడినప్పుడు చేయుచున్న పని అదే (మత్తయి 4:21). చిరిగిన కన్నును చూసి దారము ఎక్కడ మొదలుపెట్టాలో నిర్ణయించే ఆ పెద్దాయన చేతులను, ముఖము చూపించకుండ, చేతులనే చూపండి. పీతకు త్రాడు ఎలా కడతారో చేపలమ్మే అక్కను చూపమనండి. తెల్లవారుజామున ఏ ధరకు కొన్నది, సాయంత్రము ఎంత మిగిలింది అన్నది ఆమె చెబితే, చెన్నైలో ఉన్న ఆమె కుమారుడు ఏ ప్రసంగమూ వినని శ్రద్ధతో వింటాడు.

శ్రీహరికోట సంగతి అందరికీ తెలిసినదే, కనుక పొడిగించము. 2025 జనవరి 29న అక్కడి నుండి నూరవ రాకెట్టు లేచినప్పుడు ఆ బొమ్మను పెట్టని పేజీ లేదు. ప్రయోగము వేళ సముద్రము మీదికి వేటకు పోవద్దని జాలరులకు చెబుతారు. ఆ దినమున పడవ ఒడ్డున ఉంచుకున్న కుటుంబమును ఎవరైనా పలుకరించారా?

ఇక పాత బావులు. అబ్రాహాము త్రవ్వించిన బావులను ఫిలిష్తీయులు మన్నుతో పూడ్చివేయగా ఇస్సాకు వాటిని తిరిగి త్రవ్వించి, తండ్రి పెట్టిన పేర్లనే మరల పెట్టినాడు (ఆదికాండము 26:18). 1865లో జర్మనీ దేశపు హెర్మన్స్‌బర్గ్ మిషను తరఫున ఆగస్ట్ మైలియస్ దొరగారు సూళ్లూరుపేటలో పని ప్రారంభించారు. తరువాత ఆ పని గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి వైపులకు వ్యాపించింది. మొదటి ప్రపంచ యుద్ధము వచ్చి జర్మన్ మిషనరీలు పని విడువవలసి వచ్చింది. సంఘము నిలిచినది. నూట అరువది ఏండ్ల చరిత్ర ఉన్న నేల మీద నిలుచుండి మన యౌవనస్థులు విషయము లేదనుకుంటున్నారు! మందిరపు బీరువాలో బాప్తిస్మపు రిజిస్టరు ఉంటుంది. అందులోని మొదటి పుట ఏ సంవత్సరముది? మొదట నమ్మినవారు ఏ చెట్టు క్రింద కూడుకొన్నారు? మందిరమునకు ఇటుకలు ఎవరు మోశారు? ఈ సంగతులు తెలిసిన తాతలు, అవ్వలు ఇంకా కొందరున్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను వారు పాడే రాగము నేటి కీబోర్డు రాగము కాదు. పురుషోత్తమ చౌధరిగారు (1803–1890) రచించిన కీర్తనలు పుస్తకము చూడకుండ ఆసాంతము పాడే అవ్వ మీ సంఘములో ఉంటే, ఆమె అనుమతితో, ఈ నెలలోనే రికార్డు చేయండి. వచ్చే సంవత్సరమునకు వాయిదా వేయవద్దు.

పని ఒక్కని మీద పడుట మరొక కారణము. దీనికి కూడా సరస్సు దగ్గర ఒక మాట ఉన్నది. పులికాట్ దక్షిణ భాగమున తమిళ జాలరి గ్రామములలో "పాడు" అనే పద్ధతి తరతరములుగా ఉన్నది. మన తెలుగు చెవికి ఆ పేరు బాగా వినబడదు గాని పద్ధతి బహు బాగున్నది. మంచి చేప పడే చోటు ఎప్పుడూ ఒకనికే దక్కకుండ, చీట్లు వేసి వంతుల ప్రకారము వల వేసే చోటులను పంచుకుంటారు. అపొస్తలులు మత్తీయను చీట్లు వేసియే ఎన్నుకొన్నారు గదా (అపొ. కార్యములు 1:26). సంఘపు పేజీకి కూడా కుటుంబములవారీగా వంతు పెట్టవచ్చును. మా దగ్గర ఈ ప్రయత్నము కొంతకాలముగా జరుగుతున్నది. వారమునకు ఒక ఇల్లు. ఆ ఇంటివారు తమకు తెలిసిన ఒక సంగతి చెబుతారు, తమ్ముడు దానిని రికార్డు చేసి పెడతాడు. ఒక ఇంటివారు మామిడికాయ పచ్చడి చెప్పారు. అది సువార్తయా అని ఒక పెద్దాయన కోపపడ్డారు. ఆ పచ్చడి జాడీ ప్రతి ఏడు ఒకటి ఎక్కువ పెట్టి, దానిని ఏ ఇంటికి పంపేవారో ఆ తల్లి చివరలో చెప్పింది. పెద్దాయన ఆ మాట పూర్తిగా వినలేదనుకుంటాము.

నియమములు మేము ఎక్కువ పెట్టలేదు. మనిషి కనిపిస్తే ఆ మనిషిని అడగాలి. చిన్నబిడ్డలైతే తల్లిదండ్రులను అడగాలి. రోగి మంచము దగ్గర ఫోను జేబులోనే ఉండాలి. బొమ్మ మనది కావాలి, పాట ఇతరులదైతే అనుమతి కావాలి. అనుమతి లేని పాట పెట్టిన వీడియోను యూట్యూబ్ తీసివేసే సందర్భములున్నవి, అప్పుడు కలిగే సిగ్గు సంఘమంతటికీ వస్తుంది. తమ్ముని దగ్గర ఒక చిన్న నోటు పుస్తకము ఉంటుంది. ఇండ్ల దర్శనమునకు మాతో వచ్చినప్పుడు విన్న మాట ఏదైనా అందులో ఒక ముక్క వ్రాసుకుంటాడు. ఆ పుస్తకము చూచినప్పుడు తెలిసినదేమనగా, పది ఇండ్లు తిరిగిన వారమున ఎనిమిది సంగతులు ఉంటాయి, ఒక్క ఇంటికీ వెళ్లని వారమున పుట తెల్లగా ఉంటుంది.

తెల్లగా ఉన్న దినమున ఏమి పెట్టాలి? ఏమీ పెట్టనక్కరలేదు. స్టేటస్ ఎంత అందముగా పెట్టినా ఇరువదినాలుగు గంటలలో మాయమగునదే. దాని కొరకు నిద్ర చెడగొట్టుకొని, లైకులు లెక్కించుకొని, పొరుగు సంఘపు పేజీకి ఎక్కువ వచ్చినవని క్రుంగిపోయే బిడ్డలను మేము చూస్తున్నాము. బదరీ చెట్టు క్రింద ఏలీయా అలసి ఇక చాలునన్నప్పుడు దేవుడు అతనికి వెంటనే కొత్త సందేశము ఇవ్వలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టించాడు, మరల నిద్రపోనిచ్చాడు (1 రాజులు 19:5-6). పేజీ చూసే మీ తమ్మునికి, చెల్లెలికి తల్లిదండ్రులు, సంఘపెద్దలు ఈ మాట చెప్పవలెను. ఒక వారము ఫోను మరొకరి చేతికి ఇప్పించవలెను.

ఈ వ్యాసము వ్రాయుచు తమ్ముని నోటు పుస్తకము తెప్పించి చూశాము. వచ్చే నెలకు వ్రాసుకున్నవి ఇవి: కాళంగి వంతెన దగ్గర గాలము వేసే పిల్లలు, వారు బడికి పోవుచున్నారా? వేనాడు పడవ తాత, పొగమంచులో దారి ఎలా కనుగొంటాడు? రిజిస్టరు మొదటి పుట, సిరా వెలిసిపోయింది, అయ్యగారి భూతద్దము అడగాలి. చివర, పెద్ద అక్షరములతో: అవ్వను అడిగిన తరువాతే.